నలుగురం బ్యాండ్, యూరప్‌లో మొదటి టూర్: సామాను, బోర్డర్ల గురించి సలహా కావాలి

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం నలుగురం, గిటార్, బేస్, కీబోర్డ్, డ్రమ్స్. 12 రోజుల్లో 9 షోలు, జర్మనీలో మొదలై స్విట్జర్లాండ్ వెళ్లి మళ్లీ జర్మనీ. మేనేజర్ లేడు, వ్యాన్ అద్దెకి తీసుకుని మేమే నడుపుకోవాలి. వీసాలు వచ్చేశాయి గానీ సామాను సంగతే అర్థం కావట్లేదు. వాయిద్యాలకి కూడా కస్టమ్స్ కాగితాలు కావాలా? ఇంకా ఏం మర్చిపోతున్నామో చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
కంగ్రాట్స్ తమ్ముడూ, చాలా సంతోషం. మీ రూట్‌లో అసలు చిక్కు స్విట్జర్లాండే. అది షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఉంది కాబట్టి పాస్‌పోర్ట్ ఎవరూ అడక్కపోవచ్చు, కానీ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్‌లో లేదు, అందుకే మనుషులు దాటినంత తేలిగ్గా సామాను దాటదు. వ్యాన్ నిండా సామానుంటే ఏటీఏ కార్నె తీసుకోండి, అంటే తిరిగి తెచ్చుకునే సామాన్ని సుంకం కట్టకుండా బోర్డర్ దాటించే కస్టమ్స్ పత్రం, చాలా దేశాల్లో చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లిస్తారు, ఏడాది వరకు చెల్లుతుంది. ప్రతి వస్తువూ సీరియల్ నంబర్‌తో సహా రాయాలి, ఎన్నిసార్లు బోర్డర్ దాటుతారో ముందే లెక్కపెట్టి అన్ని పేజీలు అడగాలి, దాటిన ప్రతిసారీ రెండు వైపులా స్టాంపు పడాలి. ఒక్క స్టాంపు తప్పినా ఆ సామాను అక్కడే అమ్మేశారనుకుని తర్వాత సుంకం కట్టమంటారు.

మా సంగతి చెప్తా. షో అయ్యాక బయల్దేరి రాత్రి రెండున్నరకి ఒక చిన్న బోర్డర్‌కి చేరాం, జీపీఎస్ దగ్గర దారి అని చూపించింది మరి. అక్కడ లైటు లేదు, స్టాంపు వేసే మనిషీ లేడు. పోనీ దాటేద్దాం అన్నాడు మా డ్రమ్మర్, నేను వద్దన్నా, తెల్లారేదాకా సింబల్ కేసుల మీద కాళ్లు పెట్టుకుని వ్యాన్‌లోనే కూర్చున్నాం. పొద్దున ఆఫీసర్ వచ్చి లిస్టులో 11వ లైను మీద వేలు పెట్టి ఇది చూపించండి అన్నాడు. అది స్నేర్ డ్రమ్, అన్నిటికంటే అడుగున ఉంది, వానలో మొత్తం దింపాం. అప్పట్నుంచి లిస్టులో ఏ నంబరో అదే నంబరు టేప్ మీద రాసి కేసుకి అంటిస్తున్నా. మీరు మాత్రం కార్నె స్టాంపు వేసే పెద్ద బోర్డర్ ఏదో, ఆఫీసు టైమింగ్స్ ఏంటో ముందే కనుక్కుని ఆ టైముకి చేరేలా డ్రైవ్ ప్లాన్ చేసుకోండి.

ఇంకోటి, డ్రమ్ కిట్, యాంప్‌లు మోసుకెళ్లకండి, బ్యాక్‌లైన్ (అంటే స్టేజీ మీద వాళ్లే ఇచ్చే డ్రమ్స్, యాంప్‌లు) ఏముందో ప్రతి వెన్యూకీ మెయిల్ పెట్టి అడగండి. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ చాలు డ్రమ్మర్‌కి. లిస్టు చిన్నదైతే బోర్డర్‌లో గంటలు మిగుల్తాయి.

జవాబు 2:
పైన అన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కరెంటు గురించి నేను కలుపుతా. అక్కడ 230 వోల్టులు, మీ కీబోర్డ్, పెడల్ అడాప్టర్ల మీద 100-240 అని ఉందో లేదో ఇప్పుడే చూడండి, ఉంటే పిన్ మారిస్తే చాలు, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. జర్మనీ ప్లగ్గు స్విట్జర్లాండ్ సాకెట్‌లో పట్టదు కాబట్టి రెండు రకాల పిన్నులూ కొనుక్కోండి. పవర్ బ్యాంకులు చెకిన్ బ్యాగులో వేయకూడదు, చేతి బ్యాగులోనే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ సో మచ్ అన్నా! షోల దగ్గర అమ్ముదామని టీషర్ట్‌లు తెస్తున్నాం, అవి కూడా ఆ లిస్టులోనే రాయొచ్చా?

జవాబు 1:
వద్దు వద్దు. కార్నె తిరిగి తెచ్చుకునే సామానుకే. అమ్మేవి, అరిగిపోయేవి, అంటే టీషర్ట్‌లు, తీగలు, స్టిక్స్ అందులో రాయకూడదు, అమ్మే సరుకు విడిగా డిక్లేర్ చేయాలి. గిటార్ పాతదైతే చెక్క ఏంటో కూడా చూడు, బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచి సైటీస్‌లో (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) గట్టి ఆంక్షలున్నాయి, పర్మిట్ లేకుండా తీసుకెళ్లకు, ఇంట్లో పెట్టి వేరేది పట్టుకెళ్లు.

డ్రైవింగ్ మాట కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆ రాత్రి ఎవరు నడుపుతారో షోకి ముందే అనుకోవాలి, వాళ్లు మందు ముట్టకూడదు, సౌండ్‌చెక్ అవగానే వాళ్లని గంటన్నర పడుకోనివ్వండి, సామాను మిగతా ముగ్గురూ ఎక్కించాలి. పక్క సీట్లో ఒకరు మేలుకునే ఉండాలి, మాట్లాడకపోయినా పర్లేదు, నిద్రపోకుండా ఉంటే చాలు. కార్నె ఫోల్డర్ కూడా ఆ పక్క సీటు మనిషి ఒళ్లోనే ఉండాలి, డిక్కీలో కాదు.