రిలేహోస్ట్‌ని 'అంచె' అనొచ్చా?

లైనక్స్ సర్వర్ నుంచి బయటికి మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎలా పెట్టుకోవాలో తెలుగులో చిన్న నోట్ రాస్తున్నానండీ. బ్యాకప్ ఫెయిలైతే నాకు కబురు అందాలి, అంతవరకే. బయటి మెయిల్ అందుకునే పని దానికి లేదు. 'రిలేహోస్ట్' దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. మన సర్వర్ ఉత్తరాన్ని గమ్యం దాకా తనే మోయకుండా ఇంకో సర్వర్ చేతిలో పెడుతుంది కదా, దాన్ని 'అంచె' అంటే? పూర్వం గుర్రాలు మారే మజిలీని అలాగే అనేవారు. ఇప్పుడు 'అంచెలంచెలుగా ఎదిగాడు' అన్నప్పుడు తప్ప ఆ మాట పెద్దగా వినబడదు.

— బాగుందండీ, నాకు నచ్చింది. మోసేవాళ్లు మారతారు, మూట అదే. మెయిల్లోనూ అంతే, దాటిన ప్రతి సర్వరూ పైన ఒక 'రిసీవ్డ్' లైను చేరుస్తుంది. 'అంచె సర్వర్' అనండి. సెట్టింగు పేరు మాత్రం అలాగే ఉంచండి, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌కి తెలుగు రాదు!

— సరేనండీ. మరి బౌన్స్‌కి 'తిరుగుటపా' అని రాసేశాను, ఫర్వాలేదా?

— అది మాత్రం వద్దు. 'తిరుగుటపాలో జవాబు రాయగలరు' అంటే వెంటనే బదులివ్వమని. అది అవతలివాళ్ల ఉత్తరం. బౌన్స్ అంటే మన ఉత్తరం చేరలేదని మనకొచ్చే కబురు. 'తిరిగొచ్చింది' అంటే చాలదూ?

— లాగ్‌లో కనబడే 'డిఫర్డ్'ని కూడా దీంట్లో కలిపేయకండి. అది తిరిగి రాలేదు, క్యూలో ఆగి ఉంది. ఈ తేడా తెలియక నేనోసారి అడ్రస్ తప్పేమోనని గంటసేపు వెతికాను. తీరా లాగ్ చూస్తే 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'. మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే 25వ పోర్టుని సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు మూసేశారు. అంచె సర్వర్‌కి 587వ పోర్టు మీదుగా, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో వెళ్లేలా మార్చి 'పోస్ట్‌క్యూ -ఎఫ్' కమాండ్ కొడితే ఆగినవన్నీ ఒక్కసారిగా కదిలాయి. మెయిల్‌క్యూ ఖాళీ అయింది, టెన్షన్ తగ్గింది.

— అందరికీ థాంక్సండీ. వాక్యం ఇలా మార్చాను: 'అంచె సర్వర్ అందకపోతే ఉత్తరం క్యూలో ఆగి ఉంటుంది. సెట్టింగు మార్చకపోతే పోస్ట్‌ఫిక్స్ 5 రోజులు ప్రయత్నిస్తుంది, అప్పటికీ కుదరకపోతే తిరిగొస్తుంది.' తిరిగొచ్చిన కబురు మీద పంపినవారి పేరుగా కనబడే 'మెయిలర్-డీమన్' జోలికి మాత్రం పోలేదు. 'భూతం నుంచి ఉత్తరం వచ్చింది' అని రాస్తే ఎవరూ తెరవరు.