అప్‌డేట్: దారంతో నాన్న బొమ్మ, మొత్తానికి ముఖం తేలింది

పోయిన నెల అడిగాను కదా, గుండ్రటి ప్లైవుడ్ మీద 200 మేకులు కొట్టి నల్లదారం లాగితే నాన్న ముఖానికి బదులు మసిగుడ్డ వచ్చిందని. తప్పు దారానిది కాదు, ఏ మేకు నుంచి ఏ మేకుకు దారం లాగాలో లెక్క తీసిన ఫోటోది. పెళ్లి ఫోటో వెనకాల షామియానా, పూలదండలు అన్నీ అలాగే ఉంచేశాను. మీరు చెప్పినట్టు ముఖం మట్టుకే కత్తిరించి, వెనకంతా తెల్లగా చేసి, 3,000 గీతలకు (మేకు నుంచి మేకుకు లాగిన ఒక్కో దారం ఒక గీత) బదులు 2,200 దగ్గర ఆపేశాను. దారం మామూలు కుట్టుమిషన్‌దే.

1,400 దాకా ఏమీ తెలియలేదు, ఒకటే టెన్షన్. తర్వాత మీసం, ఆపైన కళ్లజోడు! మధ్యలో ఒక మేకు తప్పి 40 గీతలు విప్పాను (తర్వాత ఏ మేకో నంబర్లు చదివి పెట్టిన మా ఆవిడ చూపు వర్ణించలేను).

దగ్గర్నుంచి సాలెగూడే. అమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయి చాలాసేపు చూసి, "చెవి కాస్త పెద్దదైందిరా" అంది.