పెదవి పళ్ళెమా, పెదవి బిళ్ళా?

ప్రశ్న: ఇథియోపియాలో ఓమో నది దిగువన ఉండే ముర్సీ ఆడవాళ్ళ గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. కింది పెదవిలో పెట్టుకునే గుండ్రటి మట్టి నగను "పెదవి పళ్ళెం" అని రాశాను గానీ, పళ్ళెం అనగానే అన్నం తినే కంచమే కళ్ళ ముందుకొస్తోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చెవులు కుట్టించారు అంటాం కదా, అలాగని "పెదవి కుట్టారు" అంటే నోరు మూసి కుట్టేసినట్టుంది. ఏం రాయాలండీ?

జవాబు: బిళ్ళ అనే రాయండి. జడబిళ్ళ, పాపిటబిళ్ళ ఉన్న భాష మనది, వినగానే అది నగ అని తెలిసిపోతుంది. వాళ్ళు "ధెబి ఆ తుగొయిన్" అంటారు, ఆ పేరు కూడా ఒక్కసారి ఇవ్వండి.

కుట్టడం వద్దు, గాటు అనండి. 15, 16 ఏళ్ళప్పుడు తల్లో ఇంకో పెద్దావిడో పెదవికి గాటు పెట్టి చెక్కముక్క దూరుస్తారు, అది మానడానికి మూడు నెలల దాకా పడుతుంది, తర్వాత ఇంకా లావు ముక్కలు మారుస్తూ సాగదీస్తారు. ఎంతవరకు సాగాలో ఆ పిల్లే తేల్చుకుంటుంది, కొందరి బిళ్ళలు 12 సెంటీమీటర్లు దాటుతాయి, కొందరు అసలు గాటే పెట్టించుకోరు. అందుకని "కోస్తారు" అని రాయకండి, దాంతో పిల్ల ఇష్టం వాక్యంలోంచి మాయమైపోతుంది. "కోయించుకుంటుంది" అనండి. ఆ "కొను" చాలా పని చేస్తుంది.

బానిస వ్యాపారులు ఎత్తుకుపోకుండా అందవికారం చేసుకున్నారనే కథ మాత్రం దయచేసి పెట్టకండి. ముర్సీల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ టర్టన్ దాన్ని ఒప్పుకోలేదు. బిళ్ళ ఎంత పెద్దదైతే కన్యాశుల్కంగా అన్ని పశువులు అన్న మాటా అంతే, చాలాసార్లు ఆ లెక్క పెదవికి గాటు పడకముందే కుదిరిపోతుంది.

మళ్ళీ నేనే: చాలా థాంక్సండీ. బిళ్ళ అనే మార్చేశాను. పాలు పితికేటప్పుడు, మగవాళ్ళకు తిండి వడ్డించేటప్పుడు, నాట్యాల్లో అది పెట్టుకుంటారని, భర్త పోతే తీసేస్తారని రాస్తుంటే మా అమ్మమ్మ బోసి చేతులు గుర్తొచ్చి కాసేపు ఆగిపోయాను. శీర్షికలో "వింత ఆచారం" అని ఉండేది, "వింత" కొట్టేశాను.