శ్రీశైలం అడవి దారి: పండుగలకేనా, ఏడాదంతా తెరవాలా? (మారుపేర్లతో ముగ్గురి చర్చ)

నడకదారి
ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం ముంగిట ఉన్న కైలాస ద్వారం చేరే పాతబాట మహాశివరాత్రికి, ఉగాదికి భక్తులతో నిండిపోతుంది. మామూలు రోజుల్లో అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టనివ్వరు. రోజుకు ఇంతమందే అని హద్దు పెట్టి, పేర్లు ముందే నమోదు చేయించుకుని, ఈ అడవిలోనే ఉండే చెంచు యువకులను తోడిచ్చి పంపితే తప్పేమిటి? కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో. ఇక్కడ అభయారణ్యం ఏర్పడింది 1978లో. అంతకాలం నడిచిన దారిని ఏడాదికి నాలుగు రోజుల ముచ్చటగా మార్చడం నాకు నచ్చడం లేదు.

మద్దిచెట్టు
నడకదారి గారూ, దారి పాతదే, కాదనను. కానీ ఆ దారి ఎక్కడెక్కడ ఆగుతుందో గమనించారా? చెరువు, బావి, కొలను. నీళ్లున్న చోటే పూర్వీకులు మజిలీ పెట్టుకున్నారు. మాఘం దాటితే వాగులు ఎండిపోతాయి, జింకకైనా పులికైనా ఆ నీళ్లే దిక్కు. పండుగ నాలుగు రోజులూ జంతువులు తప్పుకుంటాయి, జనం వెళ్లాక మళ్లీ వస్తాయి. రోజూ యాభై మంది గట్టున కూర్చుని అన్నం తింటే ఎప్పుడు రావాలి?

ఇక ఎంగిలి సంగతి. శివరాత్రి మర్నాడు దారి పక్కన చూడండి. మోదుగాకు విస్తరి వానాకాలానికి మట్టిలో కలిసిపోతుంది. మైనపు పూత ఉన్న కాగితపు పళ్లెం మాత్రం సాంబారు వాసనతో పడి ఉంటుంది, దాన్ని అడవిపంది నమిలి మింగుతుంది. తిండి మిగిలే చోటికి పందులూ కుక్కలూ చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాతే పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక మెట్లెక్కనివ్వకపోవడం, భక్తులకు చేతికర్రలు ఇవ్వడం మొదలయ్యాయి. అక్కడ మెట్లున్నాయి, దీపాలున్నాయి, కాపలా ఉంది. నల్లమల లోపల ఫోను కూడా పలకదు.

శిఖరదర్శనం
ఉగాదికి ముందు కన్నడ భక్తులు రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె తెస్తారు. భీముని కొలను లోయలోకి దిగే మెట్ల మీద ఒక ముసలమ్మను చూశాను. మోకాళ్లు వణుకుతుంటే పక్కకు తిరిగి, అరిగిన రాతిని అరచేత్తో తడుముకుంటూ ఒక్కో మెట్టూ దిగుతోంది. చెయ్యి అందిస్తే వద్దంది. ఆమె దారినీ సెలవు రోజు షికారు దారినీ ఒకే గాటన కట్టకండి.

నడకదారి
ఎవరి నడకలో భక్తి ఉందో తేల్చడానికి మనమెవరం? మద్దిచెట్టు గారు చెప్పిన నీళ్ల మాటకు నా జవాబు ఇది: కార్తీకంలో తెరవండి. శివుడి మాసం, వాగులన్నీ పారుతుంటాయి, ఎండుటాకుల్లో నిప్పు పడే భయం లేదు. చెంచు కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తాయి.

మద్దిచెట్టు
కార్తీకం ఆలోచన ఏడాదంతా అన్నదాని కంటే ఎంతో మేలు. కానీ వానలు వెలిసిన కొత్తలో బాట మీదికి గడ్డి నిలువెత్తున ఒరిగి ఉంటుంది. పదడుగుల దూరంలో ఎలుగుబంటి ఉన్నా కనబడదు. పండుగ నాళ్లలో వేల అడుగుల చప్పుడే సగం రక్షణ, పదిమంది గుంపుకు అది ఉండదు.

చెంచుల ఆదాయం అంటున్నారు, వాళ్లను అడిగామా? పెచ్చెరువు వాళ్ల గూడెం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవినీ వన్యప్రాణులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. గూడెం పెద్దలు కూర్చుని ఏ నెలలో, ఎంతమందిని, ఏ మజిలీ వరకు అని చెప్పాక అటవీశాఖ దగ్గరికి వెళ్దాం. ఈలోగా శివరాత్రికి విస్తళ్లు కుట్టే పని వాళ్లకే అప్పగించి, నాగలూటి దాటాక కాగితపు పళ్లేలు ఆపించాలి. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదనుకుంటాను.

నడకదారి
విస్తళ్ల విషయంలో మీతోనే ఉన్నాను. గడ్డి సంగతి మాత్రం ఒప్పుకోను. దసరా వెళ్లగానే బాట వెడల్పున గడ్డి కోయించవచ్చు, ఆ కూలి కూడా గూడేనికే ఇవ్వవచ్చు. గ్రామసభ ముందు ఈ మాట కూడా పెట్టండి.