తమ్ముడు ముంబయి పనికి వెళ్తానంటున్నాడు, టీబీ మందుల సంగతి ఎలా?

ప్రశ్న (మక్తల్ నుంచి):
తమ్ముడికి ఊపిరితిత్తుల టీబీ. మందులు మొదలుపెట్టి రెండు నెలలు కావస్తోంది. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, నాలుగు కిలోలు పెరిగాడు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, పిలుపు రాగానే బయలుదేరతానంటున్నాడు. "బాగానే ఉన్నాను కదా అక్కా, తిరిగొచ్చాక మళ్లీ వేసుకుంటాను" అంటున్నాడు. ఏం చెప్పి ఆపను?

జవాబు (టీబీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, మహబూబ్‌నగర్):
అమ్మా, ఆపాల్సింది ప్రయాణాన్ని కాదు, మందులు మానడాన్ని. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. చురుకుగా పెరిగే క్రిములు తొందరగా చస్తాయి, అందుకే దగ్గు తగ్గింది. మందకొడిగా దాగి ఉన్నవి మిగిలే ఉంటాయి. వాటి కోసమే ఆ నాలుగు నెలలు. రిఫాంపిసిన్ అనే టీబీ మందు రాకముందు ఏడాది, ఏడాదిన్నర వేసుకునేవారు. ఆరు నెలలకు కుదించడానికి ఎంత కష్టపడ్డారో తలుచుకుంటే మధ్యలో మానేసేవారిని చూసి నాకు కడుపు మండుతుంది.

రెండో నెల తెమడ పరీక్ష చేయించాకే బయలుదేరమనండి. బరువు కూడా చూపించండి, మాత్రల లెక్క దాన్నిబట్టే. నిక్షయ్‌లో, అంటే టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో, అతని పేరు మీద ఉన్న నంబరు రాసిపెట్టుకోండి. ముంబయిలో ఏ ప్రాంతానికి వెళ్తున్నాడో మన ఆసుపత్రిలో ముందే చెబితే కేసును అక్కడికి మారుస్తారు. అక్కడా మందులు ఉచితమే. దారిలో సరిపడా మాత్రలు చేతికి ఇప్పించుకోండి. నెలకు వెయ్యి రూపాయల పోషణ సాయం బ్యాంకు ఖాతాలో పడుతోందా అనేదీ అడగండి. 2024 నవంబరు నుంచి అది 500 కాదు, 1000. కల్లు మాత్రం వద్దు, ఈ మందులతో కాలేయం మీద ఇప్పటికే భారం పడుతుంది.

జవాబు (దేవరకొండ నుంచి):
అక్కా, 2014లో నేనూ మూడో నెలలో మానేసి పుణే వెళ్లాను. తిరగబెట్టింది, మందులకు లొంగని టీబీ అన్నారు. ఆరు నెలల పైన కనమైసిన్ సూదులు, మొత్తం రెండేళ్ల మందులు. ఆ సూదుల వల్ల కుడి చెవి ఇప్పటికీ సరిగా వినబడదు. ఇప్పుడు బెడాక్విలిన్ వంటి మాత్రలు వచ్చాయి, సూదుల బాధ తప్పింది. అయినా ఆ దారి తమ్ముడికి వద్దు. కావాలంటే నేను ఫోనులో మాట్లాడతాను.

మక్తల్ అక్క:
మాట్లాడు తమ్ముడూ, వాడికి చెబుతాను. సోమవారం తెమడ పరీక్షకు తీసుకెళ్తున్నాను. ఫలితం వచ్చేదాకా ఆగమని గుంపు మేస్త్రీకి నేనే ఫోను చేశాను, సరేనన్నాడు.