ఇంట్లో సోల్డరింగ్ స్టేషన్, పొగ లాగే ఏర్పాటు: 12 వేలలో దేనికి ఎంత పెట్టాలి?

బ్రెడ్‌బోర్డ్_బాబాయ్:

అపార్ట్‌మెంట్‌లో 10×12 అడుగుల గది. ఒకటే కిటికీ, పక్కకి జరిపే అల్యూమినియం రకం, దోమల మెష్ ఉంది. ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రెండూ ఉన్నాయి. పని ఎక్కువగా ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్లు), 0805 సైజు ఎస్ఎండీ (బోర్డు పైనే అతికే, 2 మి.మీ. పొడవుండే చిన్న భాగాలు). అప్పుడప్పుడు ఆంప్లిఫయర్ బోర్డులు, అంటే మందపాటి రాగి, లావు వైర్లు. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు, పూటకి గంటన్నర. ప్రస్తుతం ఉన్నది 25 వాట్ల మామూలు ఐరన్.

స్టేషన్ (వేడిని మనం సెట్ చేసుకోగలిగే ఐరన్), పొగ లాగే ఫ్యాన్ రెండూ కలిపి 12 వేలు దాటకూడదు. అడగాల్సినవి మూడు:
1. స్టేషన్‌లో 936 రకమా, టీ12 రకమా?
2. ఆన్‌లైన్‌లో దొరికే నల్ల స్పాంజి ఫిల్టర్ ఉన్న చిన్న టేబుల్ ఫ్యాన్ సరిపోతుందా?
3. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. లెడ్ లేని సోల్డర్‌కి మారితే పొగ గొడవ తీరిపోతుందా?

గాలిమర:

మూడో ప్రశ్నతో మొదలెడతాను, ఎందుకంటే మిగతాది దాని మీదే ఆధారపడి ఉంది. కళ్లకి కనబడే ఆ తెల్ల పొగలో లెడ్ దాదాపు ఉండదండి. లెడ్ మరిగేది 1,749 డిగ్రీల దగ్గర, మన బిట్ (ఐరన్ మొన) ఉండేది 350 దగ్గర. పొగ వచ్చేది సోల్డర్ వైర్ లోపల ఉండే ఫ్లక్స్ (సోల్డర్ లోహానికి అంటుకునేలా చేసే పదార్థం) నుంచి, అంటే రోజిన్ (పైన్ చెట్టు బంక) కాలి. రోజిన్ పొగ ఆస్తమా తెప్పిస్తుందని పరిశ్రమల్లో ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఒకసారి ఊపిరితిత్తులకి అది పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది. లెడ్ లేని సోల్డర్‌కి వేడి ఎక్కువ కావాలి, అందులో ఫ్లక్స్ కూడా సాధారణంగా ఘాటుగానే ఉంటుంది. కాబట్టి మారినంత మాత్రాన పొగ తగ్గదు, పెరగొచ్చు కూడా.

ఇక ఫ్యాన్. ఆ నల్ల స్పాంజి యాక్టివేటెడ్ కార్బన్ పూసిన ఫోమ్. అది వాసననీ ఆవిరినీ కొంతవరకు పట్టుకుంటుంది. పొగలో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కంటే చిన్న రేణువులు, అవి ఫోమ్ రంధ్రాల్లోంచి దాటి వెనక నుంచి మళ్లీ మీ గదిలోకే వస్తాయి. ముఖానికి తగలకుండా పక్కకి తోస్తుంది, అంతే. పిల్లలు తిరిగే మూసిన ఏసీ గదికి అది చాలదు.

హెపా (సన్న రేణువుల్ని పట్టే ఫిల్టర్), కార్బన్ రెండూ ఉన్న పెట్టె కొనొచ్చు. కానీ హెపాలోంచి గాలి లాగాలంటే ఒత్తిడి పుట్టించే బ్లోయర్ ఉండాలి. కంప్యూటర్ 120 మి.మీ. ఫ్యాన్‌కి హెపా అతికిస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పెద్దగా కదలదు. ఫ్యాన్ పెట్టె మీద రాసిన సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న లెక్క) ముందు ఏ అడ్డూ లేనప్పటిది. పైగా ఫిల్టర్లు మారుస్తూ ఉండాలి. మీకు కిటికీ ఉంది కాబట్టి పొగని బయటికి పంపేయడమే చవక, మంచిదీ. 4 అంగుళాల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ (గొట్టానికే బిగించే ఫ్యాన్), 100 మి.మీ. అల్యూమినియం ఫ్లెక్సిబుల్ గొట్టం, కిటికీలో ఒక పలక.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ఫ్యాన్ ఎంత పెద్దదన్నదాని కంటే గొట్టం మూతి సోల్డర్ చేసే చోటుకి ఎంత దగ్గరుందన్నదే ముఖ్యం. పొగని పట్టాలంటే ఆ చోట గాలి సెకనుకి కనీసం అర మీటరు వేగంతో కదలాలి. 100 మి.మీ. గొట్టం మూతికి లెక్క వేస్తే:

5 సెం.మీ. దూరంలో: గంటకి సుమారు 60 ఘనపు మీటర్లు (35 సీఎఫ్ఎం)
7 సెం.మీ.: 100 (60 సీఎఫ్ఎం)
10 సెం.మీ.: 195 (115 సీఎఫ్ఎం)
15 సెం.మీ.: 420 (దాదాపు 250 సీఎఫ్ఎం)

అంటే దూరం ఐదు నుంచి పదికి పెంచితే గాలి మూడింతలకి పైగా కావాలి. మూతి చుట్టూ అట్టతోనో ఆక్రిలిక్‌తోనో నాలుగు వైపులా ఒక వెడల్పు అంచు బిగిస్తే వెనక నుంచి వచ్చే వృథా గాలి ఆగి, సుమారు పాతిక శాతం కలిసొస్తుంది. ఖర్చు లేని పని, తప్పకుండా చేయండి.

మూతి పెట్టాల్సింది తల మీద కాదు. వంటింటి చిమ్నీలా పైన వేలాడదీస్తే పొగ మీ ముక్కు ముందునుంచే పైకి పోతుంది. బోర్డుకి అవతలి వైపు, బోర్డు కంటే కాస్త ఎత్తులో, మీకు ఎదురుగా ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, ఏసీ రెక్కలు టేబుల్ వైపు లేకుండా తిప్పాలి. పైనుంచి గాలి కొడుతుంటే ఏ ఎక్స్‌ట్రాక్టరూ పనిచేయదు.

బిగించాక అగరుబత్తి వెలిగించి సరిగ్గా బిట్ ఉండే చోట పట్టుకోండి. పొగ తీగ నేరుగా మూతిలోకి వంగితే సరి. పైకి లేచి తర్వాత ఊగుతూ పోతుంటే ఇంకా దగ్గరికి జరపాలి.

ఎర్త్‌పిన్:

గాలిమర గారు గాలి సంగతి తేల్చేశారు కాబట్టి నేను స్టేషన్ వరకే.

936 రకంలో సిరామిక్ హీటర్ మీద బోలు బిట్ తొడుగుతారు. హీటర్‌కీ బిట్‌కీ మధ్య సందు ఉంటుంది, వేడి ఆ సందు దాటి రావాలి. టీ12లో హీటర్, సెన్సర్, బిట్ మూడూ ఒకే కార్ట్రిడ్జ్. మీ ఆంప్లిఫయర్ బోర్డులో గ్రౌండ్ ప్లేన్‌కి (బోర్డంతా పరిచిన రాగి పొరకి) కలిసిన పిన్ మీద పెట్టగానే 936 చల్లబడి నెమ్మదిగా తేరుకుంటుంది, టీ12 వెంటనే తేరుకుంటుంది. మీ పనికి టీ12 తీసుకోండి. 936కి ఉన్న ఒకే సుఖం బిట్లు బాగా చవక, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే హ్యాండిల్‌ని టేబుల్‌కి కొట్టి సోల్డర్ దులిపే అలవాటు ఉంటే ఆ సిరామిక్ చిట్లిపోతుంది.

టీ12 కొనేటప్పుడు వాట్ల గురించి మోసపోకండి. కార్ట్రిడ్జ్ నిరోధం సుమారు 8 ఓమ్‌లు. 24 వోల్టులిస్తే 72 వాట్లు, పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్‌తో 45, 12 వోల్టులతో 18. కంట్రోలర్ మీద ఏం రాసి ఉన్నా, వెనక ఉన్న సప్లై 24 వోల్టులు, కనీసం 3 ఆంపియర్లు ఇవ్వాలి. 12 వోల్టుల మీద నడిపి “టీ12 బాగోలేదు” అని రాసేవాళ్లు చాలామంది కనబడతారు.

అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. స్టేషన్ ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకముందే మల్టీమీటర్ తీసి, ప్లగ్‌లో పెద్ద పిన్‌కీ (అదే ఎర్త్) బిట్ కొనకీ మధ్య కొలవండి. 2 ఓమ్‌ల లోపు రావాలి. తర్వాత అదే పిన్‌కీ డబ్బా ముందు పలక, వెనక పలక, పైకప్పు ఒక్కోదానికీ విడివిడిగా కొలవండి. చవక కిట్లలో రంగు వేసిన అల్యూమినియం పలకలు ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి, ఎర్త్ వైరు వెనక పలకకే ఆగిపోతుంది. అలా ఉంటే స్క్రూ కింద రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాలి.

ఎర్త్ లేకపోతే ఏమవుతుందంటే, ఎస్ఎంపీఎస్ (స్టేషన్ పవర్ సప్లై) లోపల ఉండే వై కెపాసిటర్ గుండా బిట్ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. 2.2 నానోఫారడ్ కెపాసిటర్ అయితే కరెంటు 0.16 మిల్లీ ఆంపియర్లే, మనిషికి చిన్న చిమచిమ. మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేట్‌కీ సెన్సర్ చిప్‌కీ అది చాలు చావడానికి. రెండు పిన్నుల చార్జర్‌తో నడిచే యూఎస్‌బీ ఐరన్‌లకీ ఇదే జబ్బు, వాటికి ఎర్త్ వైరు విడిగా కలపాలి. గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా చూసుకోండి, పాత ఫ్లాట్లలో మూడో కన్నం ఉత్త అలంకారమే.

బిట్లు: పొడుగ్గా సూదిలా ఉన్నది స్టేషన్‌తో పాటు ఇస్తారు, పక్కన పడేయండి. దాని కొన వేడి మోయలేదు. డీ24 (2.4 మి.మీ. ఉలి ఆకారం) రోజువారీ పనికి, కే (కత్తి ఆకారం) లావు వైర్లకి.

బ్రెడ్‌బోర్డ్_బాబాయ్:

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. ఒక సందేహం. వచ్చే నెల మా బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు, అక్కడినుంచి హకో ఎఫ్ఎక్స్-888డీ తెప్పించుకోవచ్చా? అలా అయితే నా 12 వేలు మొత్తం గాలి వైపే పెట్టొచ్చు. ఇంకోటి, పిల్లల విషయంలో పొగ సరే, లెడ్ సంగతి ఏంటి?

ఎర్త్‌పిన్:

స్టేషన్ మంచిదే, కానీ అక్కడ అమ్మేది 120 వోల్టుల మోడల్. లోపల ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్, ల్యాప్‌టాప్ చార్జర్‌లా ఏ వోల్టేజీకైనా సర్దుకోదు. మన 230లో పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చు, 100 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, వోల్ట్-ఆంపియర్లలో) సరిపోతుంది. కాకపోతే బజార్లో దొరికే చాలా స్టెప్‌డౌన్‌లకి అవుట్‌పుట్ సాకెట్‌లో ఎర్త్ ఉండదు. మూడు పిన్నుల సాకెట్ ఉండి, ఎర్త్ ఇటునుంచి అటు కలిసిందని మీటర్‌తో తేలితేనే తీసుకోండి. ఇంత తతంగం కంటే ఇక్కడ 230 మోడలే కొనడం నయం. బావమరిదిని బిట్లు తెమ్మనండి, వాటికి వోల్టేజీ గొడవ లేదు. కొనబోయే స్టేషన్‌కి సరిపోయే రకమేనా అన్నది మాత్రం చూసుకుని చెప్పండి.

టంకం_తీగ:

లెడ్ గురించి నేను చెప్తాను. అది ముక్కులోంచి కాదు, నోట్లోంచి వెళ్తుంది. వైరు పట్టుకున్న వేళ్లతో బిస్కెట్ తినడం, వైరుని పళ్లతో పట్టుకోవడం, డీసోల్డరింగ్ పంప్‌ని (కరిగిన సోల్డర్ పీల్చే పంపుని) నేల మీద దులపడం, ఇవీ అసలు దారులు. పాకే పిల్లలు ఉంటే ఆ సోల్డర్ గుండ్లు నేల మీద పడకూడదు. టేబుల్ మీద అంచులున్న సిలికాన్ మ్యాటో, స్టీల్ ట్రేనో పెట్టి అందులోనే పని చేయండి. అయ్యాక పొడి చీపురుతో ఊడవొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని విడిగా ఉంచండి. చేతులు సబ్బుతో కడగాలి, శానిటైజర్ లెడ్‌ని తీసెయ్యదు. పిల్లల కోసమే అయితే లెడ్ లేనిదానికి మారడంలో అర్థం ఉంది, పొగ కోసం కాదు.

రెండు రకాలూ ఒకే బిట్‌తో కలపొద్దు. 63/37 (తగరం/లెడ్ శాతాలు) వైరు 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, బిట్ 320–340లో పెట్టండి. లెడ్ లేని శాక్305 (తగరం, వెండి, రాగి మిశ్రమం) అయితే 217–220 మధ్య కరుగుతుంది, 350–370 కావాలి. అతుకు అంటుకోవడం లేదని 420కి పెంచేవాళ్లున్నారు. అక్కడ ఫ్లక్స్ పని చేసేలోపే మాడిపోతుంది, పొగ రెట్టింపవుతుంది, బిట్ నల్లబడి ఇక సోల్డర్‌ని పట్టుకోదు. అంటుకోకపోతే పెంచాల్సింది వేడి కాదు, బిట్ వెడల్పు.

ఎర్త్‌పిన్ గారితో ఒక్క చోట ఒప్పుకోను. ఆంప్లిఫయర్ వైర్లకి కత్తి బిట్ కంటే 5 మి.మీ. ఉలి (డీ52) బాగుంటుంది, వైరు మీద బల్లపరుపుగా కూర్చుంటుంది. కత్తి బిట్ ఐసీ కాళ్ల వరస మీద లాగడానికి మంచిది.

వైరు 22 గేజ్ (సుమారు 0.7 మి.మీ.) తీసుకోండి, 18 గేజ్ ఎస్ఎండీకి మరీ లావు. చిన్న డబ్బాల్లో అమ్మే ఫ్లక్స్ పేస్ట్ మీద “ఎలక్ట్రానిక్స్‌కి” అని లేకపోతే ముట్టుకోవద్దు. రేకులు, పైపులు అతికే జింక్ క్లోరైడ్ రకమైతే మన తీర ప్రాంతాల తేమకి కొన్ని నెలల్లోనే రాగి గీతలు పచ్చబడి తెగుతాయి.

ఎర్త్‌పిన్:

డీ52 మాట నిజమే, లావు వైర్లకి అదే మేలు. ఎస్ఎండీ కూడా చేస్తున్నారు కాబట్టి డీ24, కే, డీ52 మూడూ పెట్టుకోండి.

గాలిమర:

గొట్టం బిగింపు గురించి మిగిలినవి. ఫ్యాన్ కిటికీ దగ్గర పెట్టండి, టేబుల్ దగ్గర కాదు. అప్పుడు గదిలో ఉన్న గొట్టమంతా లోపలికి పీలుస్తూ ఉంటుంది, ఎక్కడైనా చిల్లు పడినా పొగ గదిలోకి కక్కదు. మోత కూడా దూరమవుతుంది. గొట్టం 2 మీటర్ల లోపు, బాగా లాగి బిగించాలి. ముడతలు వదులుగా ఉంటే గాలి సగం అక్కడే ఆగిపోతుంది.

కిటికీ తలుపు ఒక అడుగు జరిపి, ఆ సందులో సరిపోయేలా ప్లైవుడ్ పలక కోసి 100 మి.మీ. కన్నం పెట్టండి. మెష్ మీదకి గొట్టం ఆనించొద్దు, రోజిన్ జిగురుకి కొద్ది రోజుల్లో పూడుకుపోతుంది. బయటి మూతి కిందికి వంగి ఉండాలి, లేకపోతే మొదటి వానకే నీళ్లు ఫ్యాన్‌లోకి వస్తాయి. గాలి ఎదురు తిరిగినప్పుడు మూసుకునే రెక్కల మూత ఒకటి పెట్టండి. పక్క ఫ్లాట్ కిటికీ ఎదురుగా ఉంటే మూతి వేరే వైపు తిప్పండి, పొగ వాళ్లింట్లోకి పోతే మన పని అయినట్టు కాదు.

బయటికి ఎంత పోతే అంత లోపలికి రావాలి. మీ గది పదడుగుల ఎత్తు అనుకుంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకి 100 లాగితే గది గాలి మూడుసార్లు మారుతుంది, ఏసీ చల్లదనం కొంత పోతుంది. మూతి 7 సెం.మీ. దగ్గరే ఉంచి, తలుపు రెండు వేళ్ల సందు తీసి పెట్టండి. అటాచ్డ్ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం రెండూ ఒకేసారి వద్దు. గది పీలుస్తుంటే గీజర్ పొగ వెనక్కి వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి వాసన ఉండదు.

బ్రెడ్‌బోర్డ్_బాబాయ్:

గీజర్ కరెంటుదే, ఆ బెంగ లేదు. ముందు డక్ట్ ఫ్యాన్, గొట్టం, పలక. మిగిలిన డబ్బుతో 24 వోల్టుల సప్లై లోపలే ఉన్న టీ12, పైన చెప్పిన మూడు బిట్లు. ఎర్త్ కొలిచాక అంకెలు ఇక్కడ పెడతాను.

ఎర్త్‌పిన్:

పెట్టేటప్పుడు మీటర్ ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకె కూడా రాయండి, అది తీసేసి చూడాలి. చవక ప్రోబులకే అర ఓమ్ పోతుంది. బిట్ కొన నల్లగా ఉంటే కాస్త సోల్డర్ పూసి కొలవండి, తుప్పు పొర మీద కొలిస్తే ఎర్త్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది.