నోటితో తినలేని పిల్లల కుటుంబాలకు వాలంటీర్ కౌన్సిల్ పెట్టాలనుకుంటున్నాం, సలహా చెప్పండి

ప్రశ్న:
మా బాబుకి 3 ఏళ్లు. తిండి ట్యూబుతోనే పడతాం, ముందు ముక్కులోంచి, ఇప్పుడు నేరుగా పొట్టలోకి. చెంచా కనిపిస్తే చాలు, తల పక్కకి తిప్పేసి పెదాలు బిగించేస్తాడు, బలవంతం చేస్తే వాంతే. చుట్టాలందరిదీ ఒకటే మాట, "ఆకలేస్తే వాడే తింటాడు, నువ్వే గారం చేసి పాడు చేశావు" అని. ఆస్పత్రిలో పరిచయమైన నలుగురు తల్లులం కలిసి మాలాంటి వాళ్లకి తోడుగా కౌన్సిల్ పెడదామనుకుంటున్నాం. అసలు ఏం చేయాలి, ఏం చేయకూడదు?

జవాబు 1:
అక్కా, మేం ఇలాంటి కౌన్సిలే 6 ఏళ్లుగా నడుపుతున్నాం. మొదటి నెలలోనే మా సభ్యురాలొకరు, మంచి మనసుతోనే, "ఒక రోజు ట్యూబు ఆపి చూడు, ఆకలి పుడుతుంది" అని ఒక తల్లికి చెప్పింది. పాప నీరసించిపోయి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మా దగ్గర తిండి గురించి ఎవరూ సలహా ఇవ్వకూడదు, ఎంత పట్టాలి, ఎప్పుడు ఆపాలి అనేది డాక్టరు, థెరపిస్టు చూసుకుంటారు. మరి మేం చేసేదేంటంటే, కొత్తగా వచ్చిన ప్రతి ఇంటికీ ఒక పాత తల్లినో తండ్రినో జత చేస్తాం, ఆస్పత్రి అపాయింట్‌మెంట్ రోజున ఇంట్లో ఉండిపోయే పెద్ద పిల్లల దగ్గర ఎవరో ఒకరం కూర్చుంటాం. రాత్రి 2 గంటలకి, ట్యూబులోకి తిండి పంపే పంపు అలారం మోగి, ట్యూబు ఎక్కడ మెలిక పడిందో చీకట్లో తడుముకుంటున్నప్పుడు "మా ఇంట్లోనూ ఇప్పుడే మోగింది" అని ఒక మెసేజ్ వస్తే ఎంత ధైర్యమో నాకు తెలుసు.

జవాబు 2:
నేను స్పీచ్ థెరపిస్టుని. చుట్టాలకి ఇవ్వడానికి ఒక పేజీ రాసి పెట్టుకోండి. 2019లో నిపుణులు కలిసి పీడియాట్రిక్ ఫీడింగ్ డిజార్డర్‌కి, అంటే పిల్లల్లో వచ్చే తినే సమస్యకి, ఒక నిర్వచనం ఇచ్చారు: వయసుకి తగ్గట్టు నోటితో తీసుకోలేకపోవడం కనీసం 2 వారాలు ఉండి, దానితో పాటు వైద్యం, పోషణ, తినే నైపుణ్యం, మానసిక సామాజిక విషయాలు అనే నాలుగింటిలో ఏదో ఒకదానిలో ఇబ్బంది ఉండటం. 3 నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు. ఇది అమ్మ గారం వల్ల వచ్చేది కాదు. ఇంకోటి, తినేటప్పుడు దగ్గు, గొంతు తడిగా గరగరలాడటం, రంగు మారడం లాంటివి ఎవరైనా చెబితే మీరు చర్చ పెట్టకండి, వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి.

జవాబు 3:
తండ్రులని కూడా పిలవండి, దయచేసి. నేను రెండేళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. బాధ్యత ఏడాదికొకసారి మార్చుకోండి, సొంత బిడ్డకి బాగోలేనప్పుడు కారణం చెప్పకుండా పక్కకి తప్పుకునే వీలు ఉండాలి. "మా వాడికి ట్యూబు తీసేశారు" అని గ్రూపులో పెట్టేముందు కూడా ఒకసారి ఆలోచించండి, నాకైతే అలాంటి మెసేజ్ చదివిన రాత్రి నిద్ర పట్టేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. ఆ పేజీ ఈ రాత్రే రాస్తాను, మొదటి కాపీ మా అత్తగారికి. మా ఆయన్ని కూడా మొదటి మీటింగ్‌కి రమ్మన్నాను, వస్తానన్నారు.